టిక్కుల డబ్బా పందెం

అమీర్‌పేట, హైదరాబాద్
జూన్, 2011

ఒసే బుడంకాయా,

కోడలిని ఇలా పిలవకూడదని శ్రీనగర్ కాలనీ అరుణాదేవి గారు మొన్న కూడా చెప్పారు. ఆవిడ మన కర్రీ పాయింటు నుంచి రోజూ రెండు కూరలు తెప్పించుకుని, సొంత గిన్నెల్లోకి మార్చి, మొగుడికి తానే వండినట్టు వడ్డించే మనిషి. ఆవిడ చెప్పే మర్యాదలు నేను వినను. ప్రమోద్ నిన్ను మొదటిసారి గుమ్మంలోకి తెచ్చినప్పుడు పొట్టిగా, గుండ్రంగా, నోరు తెరిస్తే కాస్త చేదుగా ఉన్నావు. అప్పుడు పెట్టాను ఈ పేరు. వాడు గోడ పట్టుకుని నవ్వాడు. వాడు పోయినా పేరు మిగిలింది, నేను మార్చను.

ఉత్తరం ఎందుకంటే, ఫోను మనిద్దరికీ అచ్చిరావడం లేదు. ఆదివారం నువ్వు "అత్తమ్మా" అంటావు, నేను "ఆఁ" అంటాను, ఆ తరవాత ఇద్దరం ముక్కులు చీదుకోవడంతో సరిపోతుంది. కాగితం మీద ఏడిస్తే సిరా పాడవుతుంది కాబట్టి ఆ భయంతోనైనా ఏడవను. నాది అయిదో తరగతి చదువు. ఒత్తులు ఎక్కడైనా జారితే ఏరుకుని చదువుకో.

ఇక అసలు సంగతి. నువ్వు టోక్యోలో ఆఫీసు కంప్యూటరు ముందు కూర్చున్నావని నేను అందరికీ చెప్పుకుంటున్నాను. నిన్న మీ ఇక్కడి ఆఫీసు మంజూష మన కొట్టుకొచ్చి, బెండకాయ వేపుడు కట్టించుకుంటూ, "నిరోష సెలవు పెట్టి ఫుకుషిమా వైపు వెళ్లిపోయింది కదా ఆంటీ" అంది. సునామీ వచ్చి ఆ అణు కరెంటు ప్లాంటు పాడై, జనం ఇళ్లు వదిలి ఇటు పరిగెడుతుంటే మా బుడంకాయ అటు పరిగెత్తిందట. చేతిలో ఏదో డబ్బా పట్టుకుని ఊరూరా తిరిగి, ఎక్కడెంత రేడియేషన్ పడిందో కొలుస్తోందట. ఆ కంగారులో వేపుడులో ఉప్పు రెండోసారి పడింది. ఆ పొట్లం అరుణాదేవి గారికి వెళ్లింది. ఈ వారంలో నాకు కలిగిన ఊరట అదొక్కటే.

ఒకణ్ణి జ్వరానికి ఇచ్చాను. నిన్ను గాలికి ఇవ్వను. సామాను సర్దుకుని వచ్చెయ్.

ఇట్లు,
మీ అత్తయ్య కుసుమకుమారి


ఫుకుషిమా జిల్లా, జపాన్
జులై, 2011

అత్తమ్మకు మీ బుడంకాయ దండాలు.

మంజూష నోట్లో నువ్వుగింజ నానదని తెలిసి కూడా దానికి చెప్పాను, తప్పు నాదే. మీకు చెప్పకపోవడం కూడా నాదే తప్పు. చెప్తే వద్దంటారని చెప్పలేదు.

ఇక్కడి సంగతి జర నిమ్మళంగా వినండి. మార్చిలో ఆ ప్లాంటు పేలినప్పుడు లేచిన ధూళి గాలికి కొట్టుకొచ్చి వానతో నేల మీద పడింది. అంతటా ఒక్క తీరుగా పడలేదు. ఒక వాడలో తక్కువ, పక్క వాడలో ఎక్కువ. సర్కారు ఊరు మొత్తానికి ఒక్క అంకె చెప్తుంది. మనుషులకు కావాల్సింది వాళ్ల గుమ్మం అంకె, వాళ్ల పిల్లలు ఆడుకునే జాగా అంకె. అందుకని కొంతమందిమి కారుకు ఒక డబ్బా కట్టుకుని వీధి వీధి తిరుగుతున్నాం. రేడియేషన్ తగిలినప్పుడల్లా అది టిక్కుమంటుంది. ఆ టిక్కుల లెక్కను పటం మీద రంగు చుక్కలుగా మార్చేది నేను రాసిన ప్రోగ్రామే. పడుకునేది కికు బామ్మ అనే పెద్దామె ఇంట్లో. బియ్యం సరిగా కడగలేదని మొదటి రోజే నన్ను తిట్టింది. భాష తెలియకున్నా తిట్టు తెలిసింది, మీ దగ్గర అలవాటైందే కదా.

మీకు ఒక విషయం చెప్పాలి. ఈ టిక్కులు ఇక్కడే కాదు, లోకమంతా ఉంటాయి. మన అమీర్‌పేటలో సుత ఉంటాయి. నమ్మరని తెలుసు, అందుకే మంజూష చేతికి ఒక చిన్న డబ్బా అందేటట్టు పంపిస్తున్నా. మీట నొక్కి కాసేపు ఒకచోట పెడితే అంకె చూపిస్తుంది. ముందు ఉండే సున్నా, చుక్క వదిలేయండి, మిగిలిన అంకెలు చాలు.

పందెం కడదామా? నా ఇంటి అంకె పద్ధెనిమిది. మీ ఇంటి అంకె అంతకన్నా తక్కువొస్తే నేను దొరికిన విమానం ఎక్కి వచ్చేస్తా. ఎక్కువొస్తే పని అయ్యేదాకా ఇక్కడే ఉంటా, మీరు రమ్మని అడగొద్దు.

మీ నిరోష


అమీర్‌పేట
ఆగస్టు, 2011

ఒసే బుడంకాయా,

డబ్బా చేరింది. సబ్బుపెట్టె అంత ఉంది, గొంతు మాత్రం బోలెడు. పందెం ఒప్పుకున్నాను. ఒప్పుకునే ముందు దేవుడికి కొబ్బరికాయ కూడా మొక్కాను, నీకు చెప్పకుండా చేయడం దేనికి.

మన ఓదెలు తెలుసుగా, బోరబండ నుంచి ఆటోలో పొద్దున్నే కూరగాయలు తెచ్చేవాడు. వాడు డబ్బాని చూడగానే, "అమ్మా, గిది మీటరు లెక్కనే ఉన్నది గదా. నా ఆటోకు పెట్టు, మస్తు తిరుగుతది" అన్నాడు. ఇది గాలిలో రేడియేషన్ కొలుస్తుందిరా అంటే, "అయితే పంజాగుట్ట చౌరస్తకు తీస్కపోదాం, ఆడ గాలే లేదు" అన్నాడు. తీసుకెళ్లాం. ట్రాఫిక్ పోలీసాయన ఆపి అదేంటని అడిగాడు. "మా అమ్మకు బీపీ ఉన్నది సార్, గది చూసే మిషిను" అని ఓదెలు చెప్పాడు. డబ్బా సరిగ్గా అప్పుడే టకటకమంది. ఆయన నా మొహం చూసి, "జల్ది దవాఖానకు తీస్కపోవయ్యా" అని సిగ్నలు పడకముందే వదిలేశాడు. అంత దర్జాగా పంజాగుట్ట దాటడం నా జన్మలో అదే మొదలు.

అరుణాదేవి గారింట్లో కొత్తగా నల్లరాయి పరిపించారు. పేరంటానికి పిలిచారు కదా అని డబ్బాని కొంగులో కట్టుకుని వెళ్లాను. కూర్చోగానే అది మొదలెట్టింది. ఆవిడ, "ఏంటండీ ఆ చప్పుడు?" అన్నారు. "అబద్ధాలు పట్టే మిషినండీ, జపాను నుంచి కోడలు పంపింది" అన్నాను. ఆ సాయంత్రం ఆవిడ పనిమనిషితో కబురు పెట్టారు, ఇకనుంచి కూర ముందు గుమ్మానికి కాదు, వెనక గేటు దగ్గరకు పంపమని.

సరే, పందెం. మన ఇంటి అంకె అయిదు. అయిదంటే అయిదే. కళ్లజోడు తుడుచుకుని మరీ చూశాను. ఎక్కడ పెట్టారు, ఎలా పెట్టారు అని ఆరాలు తీయకు. పెద్దవాళ్లు చెప్తే వినాలి. టిక్కెట్టు కొనేసి కబురు చెయ్యి, స్టేషను నుంచి వచ్చే దారిలో, అదే, విమానాల స్టేషను నుంచి వచ్చే దారిలో ఏం తింటావో కూడా చెప్పు.

మీ అత్తయ్య


ఫుకుషిమా జిల్లా
ఆగస్టు, 2011

అత్తమ్మా,

మన ఇల్లు హుస్సేన్ సాగర్ నడుమకు ఎప్పుడు జరిగింది? సామాను ఎవరు మోసిండ్రు? ఓదెలన్నేనా?

అయిదు అనే అంకె హైదరాబాదులో ఏ ఇంట్లోనూ రాదు. మన ఊరు కూర్చున్నదే బండ మీద. గోడలో రాయి, మెట్టులో రాయి, మీరు కూరలు తరిగే గట్టు రాయి. ఆ రాళ్లు పుట్టినప్పటి నుంచీ టిక్కుమంటూనే ఉన్నాయి. దానికి ఏ ప్లాంటూ పేలనక్కర్లేదు. ఆ రాయి మీదే మన తాతల నుంచి అందరూ బతికిండ్రు, కాబట్టి ఫికర్ చేయకండి. కానీ అంకె మాత్రం అయిదు కాదు. చుట్టూ లోతు నీళ్లుంటేనే అంత కిందికి దిగుతుంది. పోయిన నెల ఇక్కడ చెరువు మీద పడవలో పోతే నా డబ్బా సుత అట్లనే దిగింది. అమీర్‌పేటకు దగ్గర్లో పడవ ఎక్కే జాగా ఒక్కటే ఉంది.

నిజం అంకె రాయండి. కూరలు తరిగే గట్టు మీద పెట్టి చూడండి. నా పద్ధెనిమిది అట్లనే ఉంది, మిమ్మల్ని చూసి నవ్వుతోంది.

మీ బుడంకాయ


అమీర్‌పేట
సెప్టెంబరు, 2011

ఒసే చేదు బుడంకాయా,

దొరికాను. ఇప్పుడేం చేస్తావు, గోడకుర్చీ వేయిస్తావా?

ముందు ఇంట్లోనే పెట్టానే. గట్టు మీద ఇరవై ఎనిమిది వచ్చింది. నీ పద్ధెనిమిది కంటే పెద్దది. అది చూడగానే నా ప్రాణం సగం పోయింది. రాయి మీద భయంతో కాదు, నువ్వు రావన్న భయంతో. డబ్బాని బకెట్లో పెట్టాను, బీరువాలో పెట్టాను, దేవుడి గూట్లో పెట్టి దీపం వెలిగించాను. దేవుడు ఒక్క అంకె కూడా తగ్గించలేదు. అప్పుడు ఓదెలు అన్నాడు, "అమ్మా, అన్నీ రాళ్లే అంటున్నవు, రాయి లేని కాడికి పోవాలె. నీళ్లల్లకు పోదాం." తెలివి వాడిదే, శిక్ష నాకొక్కదానికే వేయకు.

లుంబినీ పార్కు దగ్గర పడవ ఎక్కాం. పిల్లలందరూ బుద్ధుణ్ణి చూస్తున్నారు, నేను డబ్బాని చూస్తున్నాను. ఒడ్డు వదలగానే టిక్కులు నిమ్మళించాయి. పది, ఎనిమిది, అయిదు. నా సంతోషం చూసి పక్కనున్న కొత్త పెళ్లికూతురు, "మ్యాచ్ స్కోరా ఆంటీ?" అని అడిగింది. మనమే గెలుస్తున్నాం అని చెప్పాను. ఈలోగా పడవ బుద్ధుడి దగ్గరికి వచ్చింది, అంకె మళ్లీ ఎక్కడం మొదలెట్టింది. ఆయన కూడా రాయే, నిలబడిందీ రాయి మీదేనాయె. పడవ వెనక్కి తిప్పమన్నాను. పడవబ్బాయి, "దర్శనం గాకుండనే పోతవా పెద్దమ్మా?" అన్నాడు. ఆయన దర్శనం నాకు ఖరీదైపోతోంది బాబూ అన్నాను. ఒడ్డున దిగాక ఓదెలు మొక్కజొన్న కంకి కొనిచ్చాడు. నీకోసం తిన్నాను.

అక్కడితో నేను ఓడిపోయాననుకున్నావు కదూ. ఆగు.

ఆ రోజు నుంచి నన్ను ఈ డబ్బా వదలడం లేదు. గట్టు మీద ఇరవై ఎనిమిది. డాబా మీద రేకుల కింద పంతొమ్మిది. మెట్ల దగ్గర ఇరవై నాలుగు. ఒకే ఇల్లు, పది అడుగులకో అంకె. మూడో రోజు రసం మరుగుతుండగా నాకు వెలిగింది. నా చిన్న కొంపలోనే ఇన్ని అంకెలుంటే, ధూళి పడిన ఊళ్లో, ఆ పెద్దావిడ ఇంట్లో, ఒక్క పద్ధెనిమిదే ఎలా ఉంటుంది? వాడకో తీరుగా పడిందని రాసింది నువ్వే. మరి నీ అంకె ఎక్కడ పట్టావు? పెరట్లో ఎంత, చూరు కింద ఎంత, రోజంతా నువ్వు నడిచే చోట ఎంత?

నేను చెరువు మధ్య పట్టాను. నువ్వు ఇంట్లో ఏ మూల పట్టావే దొంగ మొహమా?

మీ అత్తయ్య


ఫుకుషిమా జిల్లా
సెప్టెంబరు, 2011

అత్తమ్మా,

మీ ఉత్తరం చదివి మొదట పడిపడి నవ్వినా. బుద్ధుడి దగ్గర పడవ తిప్పించిన కథ మా వాళ్లకు నా వచ్చీరాని జపాన్ భాషలో చెప్పినా. కికు బామ్మ మళ్లీ మళ్లీ చెప్పించుకుంది. చివరి ముక్క చదివినంక ఎవరికీ చెప్పలేదు.

పద్ధెనిమిది ఇంటి నడి గదిలోది. కిటికీలకు దూరంగా, నాలుగు గోడల మధ్య పెట్టి పట్టినా. అబద్ధం కాదు, కానీ నిజం సుత కాదు. పెరట్లో అరవై. చూరు కింద, కప్పు మీది వాననీళ్లు పడే చోట రెండు వందల పది. నేను నడిచే చోట్లు కొన్ని అంతకన్నా ఎక్కువే. మెడలో ఒక బిళ్ల వేసుకుంటా, ఇప్పటిదాకా ఒంటికి ఎంత తగిలిందో అది కూడుకుంటూ పోతుంది. మేము పెట్టుకున్న గీత దాటితే ఇంట్లో కూర్చోబెడతారు. నాది ఇంకా ఆ గీతకు చాలా కిందనే ఉంది. ఈసారి నడి గది మాట కాదు, నమ్మండి.

ఎందుకు ఉన్నానో సుత చెప్తా. ఫోనులో ఎన్నడూ చెప్పలేకపోయినా.

ఆయనకు జ్వరం వచ్చినప్పుడు మనం రోజూ ఆస్పత్రిలో అడిగినం. ప్లేట్‌లెట్లు ఎంత ఉన్నాయి అని. "పర్లేదమ్మా, పర్లేదు" అన్నారు. ఎవరూ అంకె చెప్పలేదు. చెప్పిన రోజున ఆ అంకెతో చేయడానికేమీ మిగల్లేదు. అంకె ముందే తెలిస్తే ఆయన బతికేవారా? ఏమో. కానీ మనం వేరే డాక్టరు దగ్గరికి ఉరికేవాళ్లం, ఏదో ఒకటి చేసేవాళ్లం. ఇక్కడికొచ్చిన మొదటి వారం ఒకామె పిల్లను చంకనెత్తుకుని, "మా ఇంటి ముందు ఎంత?" అని అడిగింది. ఆ అడుగుడు నాకు తెలుసు. నేను డబ్బా తిప్పి ఆమెకే చూపించినా.

పెరట్లో కికు బామ్మకు పెర్సిమన్ పండ్ల చెట్టుంది. మన దిక్కు పండు కాదు, టమాటా లెక్క ఎర్రగా ఉండే పండు. ఏటా వలిచి, తాళ్లకు కట్టి, చూరుకు ఎండబెట్టి ఊరంతా పంచుతుంది. ఈసారి పండ్లలో ఎంతుందో పరీక్షకు పంపాలి. తినొద్దని వస్తే ఆ మాట ఆమెకు నేనే చెప్పాలి. ఆమెను ఇంకొకరికి అప్పజెప్పి రాలేను.

ఇన్ని చెప్పేదాన్ని, మీకే "పర్లేదు" అన్నా. మీరు పట్టుకున్నారు. పందెం రద్దు చేద్దాం అంటే చేద్దాం. రమ్మంటే, అయినా రమ్మంటే, వస్తా.

నిరోష


అమీర్‌పేట
అక్టోబరు, 2011

బుడంకాయా,

రమ్మనాలా వద్దా అన్నది తరవాత రాస్తాను. ముందు నా చేత ఒక ఘోరం జరిగింది, అది విను.

దసరాకి ఆయుధ పూజ చేశాం కదా. ఏటా గరిటెలు, కత్తిపీట, గ్యాసు పొయ్యి, ఓదెలు ఆటో అన్నిటికీ పసుపు కుంకుమ పెడతాం. ఈసారి డబ్బాని ఎలా వదలను? అది కూడా పనిముట్టే, నీ చేతి పనిముట్టు. పీట మీద పెట్టి, పసుపు రాసి, బొట్టు పెట్టి, పూలు చుట్టి, ఒక్క చుక్క కొబ్బరినీళ్లు చల్లాను. ఓదెలు మాత్రం చెంబెడు చల్లాలన్నాడు, "కొత్త బండికి ఎట్ల జేస్తమో గట్లనే." చేశాడు. డబ్బా ఒక్క టిక్కు అని ఊరుకుంది. ఆ తరవాత ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. జపాను వాళ్ల మిషినుని పూజ చేసి చంపిన మొదటి ఆడదాన్ని నేనే అయ్యుంటాను.

"ఫోను తడిస్తె బియ్యంల పెడ్తరమ్మా, తేమ గుంజుతది" అన్నాడు ఓదెలు. వెనక గదిలో బియ్యం డబ్బాలో పాతిపెట్టాం. నాలుగో రోజు గిన్నెలు తోముతుంటే వెనక గదిలోంచి ఒకటే అరుపు. టిక్కులు కాదు, పెనం మీద ఆవాలు చిటపటలాడినట్టు. ఓదెలు గడప దగ్గరే ఆగిపోయాడు. "అమ్మా, బియ్యం ఖరాబైనయ్. నేను పొద్దుగాల అవ్వే తిన్న" అని కడుపు పట్టుకున్నాడు. నేను డబ్బాని పైకి లాగి చూశాను. తొంభై. కొట్టులోకి తీసుకొచ్చాను, ఇరవై అయిదుకి దిగింది. పిడికెడు బియ్యం తెచ్చి పక్కన పెట్టాను, కదల్లేదు. బియ్యంలో ఏం లేదురా, తిన్నది అరిగించుకో అన్నాను. మళ్లీ వెనక గదికి వెళ్లాను. ఎగిరింది.

బియ్యం డబ్బా దేనిమీద పెట్టానో నీకు తెలుసుగా.

ప్రమోద్ ట్రంకు పెట్టె. వాడు పోయాక మూత ఎత్తలేక, ఖాళీగా కనబడితే చూడలేక, బియ్యం డబ్బాని ఎక్కించాను. ఇప్పుడు ఆ పెట్టెకి టిక్కుల డబ్బాని ఆనించి పెట్టాను. నూట ఎనభై. చెయ్యి వెనక్కి తీశాను, తగ్గింది. దగ్గర పెట్టాను, పెరిగింది. నా కొడుకు చిన్నప్పుడు తలుపు వెనక దాక్కుని, నేను దగ్గరకొచ్చేకొద్దీ కిసకిసా నవ్వేవాడు. అచ్చం అలాగే.

చదువు లేనిదాన్ని, పిచ్చిదాన్ని అనుకో. రోజూ కొట్టు మూసేముందు ఒకసారి వెళ్లి వింటున్నాను. మూత తీయలేదు. ఏముంటుందే అందులో? తీస్తే వాడికేమన్నా అవుతుందా, నాకేమన్నా అవుతుందా? తీస్తే ఈ చప్పుడు ఆగిపోతుందా? ఉన్నదున్నట్టు చెప్పు. నడి గది మాట చెప్పకు.

అత్తయ్య


ఫుకుషిమా జిల్లా
అక్టోబరు, 2011

అత్తమ్మా,

ఉన్నదున్నట్టే చెప్తున్నా. అందులో మామయ్య గారి పెట్రోమాక్స్ లైటుంది. దాని పక్కన మాంటిళ్ల పొట్లాలు ఉన్నాయి, ఆ లైటుకు లోపల కట్టే తెల్లటి గుడ్డ సంచులు. వెలుగు బాగా రావాలని పాత రకం మాంటిళ్లకు థోరియం అనే మందు పట్టించేవాళ్లు. అది టిక్కుమంటుంది. ఇన్నాళ్లూ ఆ పక్కనే తిరిగినా మీకేమీ కాలేదు, మూత తీస్తే సుత ఏమీ కాదు. ముక్కుకు కొంగు కట్టుకోండి, మాంటిళ్లు చినగనీయకండి, వెలిగించకండి. మూతున్న జాడీలో పెట్టి డాబా మీద కొట్టుగదిలో ఉంచండి, చేతులు సబ్బుతో కడుక్కోండి. చప్పుడు ఆయనది కాదు, అత్తమ్మా. కానీ ఆ పొట్లాలు దాచింది మాత్రం ఆయనే. నాకు చూపించి, "మా నాన్న ఆస్తి" అన్నారు.

ఓదెలన్న తీస్తానంటే వద్దనండి. మీరే తీయండి.

పండ్ల పరీక్ష వచ్చింది. తినే లెక్క కాదు. కికు బామ్మకు కాగితం కాదు, అంకె చూపించి చెప్పినా. ఆమె పండ్లు కట్టే తాళ్ల కట్ట తీసి లోపల పెట్టేసింది. తర్వాత నాకు వంగి దండం పెట్టింది, చెప్పినందుకు. ఆ పూట ఇద్దరం ఏమీ వండుకోలేదు.

నిరోష


అమీర్‌పేట
నవంబరు, 2011

ఒసే బుడంకాయా,

తీశాను.

కొంగు ముక్కుకి కట్టుకుని, దొంగతనానికి వెళ్లేదానిలా తయారయ్యాను. ఓదెలు గుమ్మం బయట నిలబడి, "అమ్మా, ఏమన్న అయితె గట్టిగ ఒర్లు, నేను ఉర్కి పోత" అన్నాడు. లోపలికి ఉరికి వస్తావా, బయటికి పోతావా అంటే, "గది అప్పుడు జూద్దాం" అన్నాడు.

నువ్వు చెప్పినట్టే ఉంది. మీ మామయ్య జోగారావు గారు యూసుఫ్‌గూడలో పెళ్లి ఊరేగింపులకు లైట్లు అద్దెకిచ్చే రోజుల్లోది. అందరూ కరెంటు దీపాలకు మారి, అన్నీ అమ్మేశాక మిగిలిన ఒక్కటి. దాన్ని ప్రమోద్ పాత చొక్కాలో చుట్టి పెట్టాడు. నీలం గళ్లది, నువ్వు కొనిచ్చిందే. మీరిద్దరూ రిజిస్టరాఫీసులో పెళ్లి చేసుకొచ్చిన సాయంత్రం గుర్తుందా? అమీర్‌పేటంతా కరెంటు పోయింది. ఊరేగింపు లేని పెళ్లేంటని, వాడు ఈ లైటు నెత్తిన పెట్టుకుని పంజాగుట్ట నుంచి ఇంటిదాకా నీ ముందు నడిచాడు. పెళ్లికొడుకే లైటు మోసిన పెళ్లి ఎక్కడైనా ఉందా? కోచింగు సెంటర్ల పిల్లలు పుస్తకాలు పట్టుకుని ఆ వెలుగు వెంట మన గుమ్మందాకా వచ్చారు. అందరికీ భోజనాలు పెట్టాల్సొచ్చింది.

ఏడిచాను. సిరా మీద పడకుండా ముందే ఏడ్చేసి, మొహం కడుక్కుని రాయడానికి కూర్చున్నాను. చేతులు కూడా సబ్బుతో కడిగాను.

మాంటిళ్లను ఆవకాయ జాడీలో పెట్టి, గుడ్డ కట్టి, పైకి పంపాను. వాడి అల్లరంతా ఇప్పుడు జాడీలో ఉంది. వెనక గది చప్పుడు లేకుండా ఉంది. రెండు రోజులు అది నచ్చలేదు. మూడో రోజు అలవాటైంది.

ఈమధ్య మళ్లీ కరెంటు కోతలు. లైటు ఊరికే ఉండడం దేనికని, కొత్త మాంటిలు కొనడానికి ఓదెలుని తీసుకుని బేగంబజారు వెళ్లాను. డబ్బాని కూడా తీసుకెళ్లాను. ప్రతి పొట్లం దానికి ఆనించి చూస్తుంటే, కొట్టాయన, "ఏం జూస్తున్నవమ్మా, గివి బట్టలు గావు" అన్నాడు. మాట్లాడే మాంటిలు నాకొద్దు బాబూ, మాట్లాడనిది ఇవ్వు అన్నాను. ఓదెలు పక్కనుంచి, "మా అమ్మ ఇంట్ల మాట్లాడెటిది ఒకటి ఉండె, జాడీల పెట్టినం" అన్నాడు. ఆయన వెంటనే మాట్లాడని పొట్లం ఒకటి వెతికి పెట్టి, మమ్మల్ని తొందరగా పంపేశాడు.

నిన్న దీపాలవేళ కరెంటు పోగానే ఆ లైటు మన కొట్టు ముందు వేలాడదీశాను. సందు మొత్తానికి అదొక్కటే వెలుగు. ప్రమోద్ పోయాక నేను గుత్తివంకాయ వండలేదని నీకు తెలుసు, ఎవరడిగినా వంకాయలు బాగా రావడం లేదని చెప్పేదాన్ని. నిన్న వండాను. గిన్నె ఖాళీ అయింది. అరుణాదేవి గారు వెనక గేటు మాట మరిచిపోయి, ఆ వెలుగులో అందరి ముందూ గిన్నె పట్టుకుని వరసలో నిలబడ్డారు. నేను డబ్బాని తీసి బల్ల మీద పెట్టాను. ఆవిడే ముందుగా, "అవునండీ, మీ కూరే వడ్డిస్తున్నాను" అన్నారు.

ఇక పందెం సంగతి. గట్టు మీది ఇరవై ఎనిమిది అబద్ధం కాదు. నీ పెరటి అరవై కూడా అబద్ధం కాదు. ఎలా కూడినా నాకు నువ్వు ఇక్కడుంటేనే బాగుంటుంది. ఆ లెక్క ఏ డబ్బాలోనూ రాదు. అయినా రమ్మని అడగను. చంకన పిల్లతో వచ్చి అడిగినావిడకి చెప్పేవాళ్లు ఉండాలి. ఆ రోజు మనకి ఎవరైనా అలా డబ్బా తిప్పి చూపించి ఉంటే అని, నువ్వు రాసిన దగ్గర్నుంచీ నేను కూడా అనుకుంటున్నాను. పని అయ్యాక రా. నీ గదిలో ఇరవై రెండు ఉంది, తుడిచి ఉంచాను.

కానీ ఒక్కటి. ఇకనుంచి ప్రతి ఉత్తరంలో ముందు మూడు అంకెలు రాయాలి. పడుకునే చోటు, నడిచే చోటు, మెడలో బిళ్ల. ఆ తరవాతే దండాలు. బిళ్ల అంకె గీత దగ్గరికొస్తే మాత్రం పడవ తిప్పించినట్టు నిన్నూ తిప్పిస్తాను, బుద్ధుడు అడ్డొచ్చినా సరే.

కికు బామ్మగారికి కందిపొడి పంపుతున్నాను. ఆవిడ పళ్ల సంగతి విని నా మనసు ఊరుకోలేదు. వేడన్నంలో ఎలా కలపాలో నువ్వు చూపించు. ఆవిడ పెట్టింది నువ్వు తిను, నేను పంపింది ఆవిడకి పెట్టు. మొన్న ఇద్దరూ ఏమీ వండుకోలేదని రాశావు, అలా చేయకు. వేళకి అన్నం వండుకుని, కడుపునిండా తిను.

మీ అత్తయ్య